ఎర్రచేప ఉన్న గోడ

నాగసాకి
జనవరి రెండో వారం

చినాత్సూ,

ఉత్తరం మొదట్లో వాతావరణం గురించి రెండు మాటలు రాయకపోతే మనవాళ్లకు ముద్ద దిగదు కాబట్టి రాస్తున్నాను: చలిగా ఉంది. ఆ ముచ్చట అయిపోయింది.

కొత్త సంవత్సరానికి నువ్వు రాలేదని మీ అమ్మ ఫుకువొకా నుంచి ఫోన్ చేసి మరీ నా మీద విసుక్కుంది. కన్నది అది, సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది నేనూనా? ల్యాబులో ఎలుకలకు సెలవులుండవే అని చెప్పాను. దానికి అన్నీ పెద్దమ్మ పోలికలే వచ్చాయి అని ఫోన్ పెట్టేసింది. అది తిట్టో మెచ్చుకోలో నువ్వే తేల్చుకో.

స్టేషన్ ముందు టాక్సీల వరసలో కూర్చుని, స్టీరింగ్ మీద అట్ట పెట్టుకుని ఇది రాస్తున్నాను. మీ పెదనాన్న పోయిన దగ్గర్నుంచీ ఈ స్టీరింగే నాకు అన్నం పెట్టింది. దీని మీద రాస్తేనే నాకు మాటలు వస్తాయి. ఫోన్‌లో మెసేజులు కొట్టమంటే నా వేళ్లు ఒప్పుకోవు.

ఊళ్లో కబురొకటుంది. కొండ కింద పాత స్నానాలశాల మూసేశారని రాశాను కదా. డిసెంబరులో దాని పొగగొట్టం కూడా కూల్చేశారు. ఇప్పుడు అటు చూస్తే ముక్కు లేని మొహంలా ఉంది.

ఒకటి అడుగుతాను. మనుషుల్లో మతిమరుపు జబ్బు వచ్చే అవకాశం పెంచే జన్యువును ఎలుకల్లో పెట్టి చూస్తామన్నావు. మతి తప్పుతున్న సంగతి ఆ ఎలుకలకు తెలుస్తుందా? తీరిగ్గానే జవాబు రాయి. ఊరికే అడిగాను.

మిత్సుయో పెద్దమ్మ


త్సుకుబా
జనవరి చివర

పెద్దమ్మకు నమస్కారాలు.

ఇక్కడా చలే. నా వంతూ అయిపోయింది.

నీ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పలేను గానీ, మేం చేసే పని చెబుతాను. పెద్ద గుండ్రటి తొట్టి ఉంటుంది. నీళ్లను తెల్లగా చేస్తాం, అడుగు కనిపించదు. ఒకచోట నీటి కిందే చిన్న అరుగు ఉంటుంది. ఎలుకను నీళ్లలో వదిలితే ఈదుకుంటూ ఆ అరుగు వెతుక్కుని ఎక్కాలి. ఎక్కగానే తీసి, తువ్వాలుతో తుడిచి, వెచ్చగా దీపం కింద పెడతాం. రోజూ చేయిస్తే దారి నేర్చుకుంటుంది. తొట్టిలో గుర్తులేవీ ఉండవు. గోడలూ, తలుపూ, అలమారూ చూసి లెక్కకట్టుకుంటుంది. మీ డ్రైవర్లలాగే అనుకో.

జన్యువు పెట్టినవి కొన్ని, మామూలువి కొన్ని. ఆ జన్యువు మనుషుల్లో చాలామందికి ఉంటుంది. ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చితీరుతుందని కాదు, అవకాశం పెరుగుతుందంతే. డిసెంబరులో రెండు రకాల ఎలుకలూ దారి చక్కగా నేర్చుకున్నాయి. సెలవులయ్యాక మళ్లీ వదిలితే, జన్యువున్నవి మొత్తం మరిచిపోయాయి పెద్దమ్మా! మామూలువి మాత్రం కాస్త తడబడి అరుగు పట్టేసుకున్నాయి. మా పెద్దాయన కురియామ గారు సంబరంలో ఉన్నారు. ఇంత తేడా ఎవరూ చూడలేదట, వ్యాసం రాయడం కూడా మొదలుపెట్టారు. నేనూ సంతోషించాలి. కానీ ఒక ముసలి ఎలుక తొట్టి మధ్యలో ఈత ఆపి, మీసాలు ఎత్తి, ఒక గోడకేసే చూస్తూ తేలుతూ ఉండిపోయింది. దానికి తెలుస్తోందో లేదో చెప్పలేను. వెతుకుతోందని మాత్రం చెప్పగలను.

ఇక నీ సంగతి. నువ్వు ఊరికే ఏదీ అడగవు. ఏమైంది?

చినాత్సు


నాగసాకి
ఫిబ్రవరి మొదట్లో

చినాత్సూ,

దొరికిపోయాను. రాస్తాను, కానీ మీ అమ్మకు చెప్పకు. దానికి తెలిస్తే మొదటి రైలెక్కి వచ్చి నా తాళాలు లాక్కుంటుంది.

ఇవనాగ గారని ఒక పెద్దావిడ ఉన్నారు. వారానికి రెండుమూడుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవడానికి ఆస్పత్రికి వెళ్తారు, తీసుకెళ్లి తీసుకొచ్చేది నేనే. ఎన్నో ఏళ్లుగా వెళ్తున్న కొండదారి. కళ్లకు గంతలు కట్టినా పోతాననుకున్న దారి. కొత్త సంవత్సరం వెళ్లిన వారంలో ఆవిడను ఇంటికి తెస్తూ, కొండ కింద రోడ్డు రెండుగా చీలే చోట బండి ఆపేశాను. ఎటు తిప్పాలో తెలియలేదు. మరిచిపోయానని కూడా అనలేను, ఆ చోటే నేనెప్పుడూ చూడని చోటులా ఉంది. వెనక బండి హారన్ కొట్టింది. అప్పుడు ఇవనాగ గారు కిటికీలోంచి చూస్తున్నట్టు నటిస్తూ, "ఎడమకమ్మా" అన్నారు. అంతే, ఇంకేమీ అడగలేదు. ఆ పెద్దమనిషితనానికి, ఆవిడ దిగేటప్పుడు నాకు ఏడుపొచ్చింది.

మా కంపెనీలో పాతవాళ్లకు ఒక పట్టింపుంది తెలుసుగా. ప్రయాణికుడిని దారి అడగడమంటే బట్టలు లేకుండా వీధిలో నిలబడినట్టే మాకు. అందుకే ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

మీ అమ్మమ్మకు మతిమరుపు మొదలైందీ ఇలాగే. ముల్లంగి కొనుక్కుని ట్రామ్ స్టాపులో నిలబడి, ఇల్లు ఎటో తెలియక చీకటిపడేదాకా అక్కడే ఉండిపోయింది. అప్పటికి ఆమెది ఇప్పటి నా వయసే.

నువ్వు చదువుకున్నదానివి, చెప్పు. ఆ జన్యువు నాలో ఉందేమో పరీక్ష చేయించుకోనా? ఇంకా నేను స్టీరింగ్ పట్టుకోవచ్చా? నాకు తెలియాల్సింది ఈ రెండో మాటే. నా వెనక సీట్లో కూర్చునేవాళ్లు ప్రాణాలు నా చేతిలో పెట్టి కూర్చుంటారు.

పెద్దమ్మ


త్సుకుబా
ఫిబ్రవరి మధ్య

పెద్దమ్మా, పెద్దమ్మా!

నమస్కారాలు తర్వాత. ముందిది విను.

నీ ఉత్తరం చదివి నిద్ర పట్టలేదు. పొద్దున్నే వెళ్లి డిసెంబరు వీడియోలు మళ్లీ వేసుకుని కూర్చున్నాను. తొట్టి గదిలో ఉత్తరం గోడ మీద పెద్ద క్యాలెండర్ కనిపించింది. ఎలుకల దాణా అమ్మే కంపెనీవాళ్లు ఇచ్చినది. ఏడాదంతా ఒకే కాగితం మీద, నిండా ఎర్రచేప బొమ్మ. జనవరి వీడియోలో అది లేదు! ఏడాది చివర్లో ల్యాబంతా కలిసి చేసే పెద్ద శుభ్రంలో దాన్ని తీసేసి, గోడ తళతళలాడేలా తుడిచి, లేత రంగుల కొత్త క్యాలెండర్ అవతలి గోడకు తగిలించారు. ఎవరు తీశారని అడిగితే అందరూ గుమ్మడికాయల దొంగల్లా భుజాలు తడుముకున్నారు. నిజానికి అందరమూ తీశాం. పాత సంవత్సరం క్యాలెండర్ కొత్త ఏడాదిలో గోడ మీద ఉండటమేమిటని మనలో ఎవరికైనా అనిపిస్తుంది కదా. అది ఎలుకలకు దారి చూపే గుర్తు అయ్యుంటుందని ఒక్కరికీ తట్టలేదు.

పాత కాగితాల కట్టలో ఇంకా ఉంది. తీసి, ఇస్త్రీ చేసినంత పని చేసి, పాత చోటే అతికించాను. ఎలుకల్ని వదిలాం. జన్యువున్నవి కూడా నేరుగా అరుగు దగ్గరికి ఈదాయి. మరిచిపోలేదు పెద్దమ్మా! దారి వాటి బుర్రలోనే ఉంది. చేయి పట్టుకునే గుర్తు లేక ఆగిపోయాయంతే.

కురియామ గారు రాస్తున్న వ్యాసం మొత్తం గంగలో కలిసింది. అయినా ఆయన, "తప్పింది ఎలుకలు కాదమ్మా, మనం" అన్నారు.

ఇప్పుడర్థమైందా? మీ స్నానాలశాల పొగగొట్టమే మా ఎర్రచేప. డిసెంబరులో దాన్ని కూల్చారు, తర్వాతే నువ్వు తికమకపడ్డావు. నీకేమీ కాలేదు. హాయిగా బండి నడుపుకో.

నీ చినాత్సు


నాగసాకి
మార్చి

చినాత్సూ,

నీ ఉత్తరం చదివి మొదట ఎగిరి గంతేశాను. తోటి డ్రైవర్లకు కాఫీలు కూడా ఇప్పించాను. తర్వాత జనవరిలో నువ్వు రాసిన ఉత్తరం తీసి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను.

మామూలు ఎలుకలు కాస్త తడబడినా అరుగు పట్టేసుకున్నాయని రాశావు. అంటే క్యాలెండర్ లేకపోయినా వాటికి దారి దొరికింది. ఆగిపోయినవి జన్యువున్నవే. కాఫీ తాగుతూ మావాళ్లను యథాలాపంగా అడిగాను, పొగగొట్టం పోయాక ఆ చీలిక దగ్గర మీకేమైనా ఇబ్బందైందా అని. ఒకరిద్దరు, మొదట్లో వింతగా అనిపించింది అన్నారు. బండి ఆపింది మాత్రం ఎవరూ లేరు. ఆపింది నేనొక్కదాన్నే. మరి నేనే రకం ఎలుకను, చినాత్సూ?

ఇది నీకు తెలియకపోవడానికి నువ్వు తెలివితక్కువదానివి కాదు. నా చెవిలో పువ్వు పెట్టావు. ప్రేమతోనే పెట్టావులే, కానీ పువ్వు పువ్వే. డ్రైవర్‌కు ధైర్యం చెప్పేవాళ్లు అక్కర్లేదు. ముందు రోడ్డు తెగిపోయుంటే తెగిందని చెప్పేవాళ్లు కావాలి.

బండి షెడ్డులో పెట్టేశాను. నడుం నొప్పని మేనేజరు ఫుకహొరి గారికి చెప్పాను. ఇంట్లో కూర్చుంటే గోడలు మీదికొస్తున్నాయి. నాకు చావంటే ఇంత భయం లేదు. ఏదో ఒకరోజు నా ఊరికే నేను పరాయిదాన్నైపోతానేమోనని భయం.

మిత్సుయో


త్సుకుబా
మార్చి చివర

పెద్దమ్మకు,

నువ్వు రాసింది నిజం. ఆ మాట కలం దాకా వచ్చింది, దాటేసి రాశాను. నీకు చెబితే నాకూ చెప్పుకున్నట్టవుతుంది. అమ్మమ్మ నీకు అమ్మయితే నాకు అమ్మమ్మ, ఆ దారి నా గుమ్మం దాకా వస్తుంది. నేను ఈ ల్యాబులో చేరింది ఎందుకనుకున్నావు?

ఇప్పుడు ఉన్నదున్నట్టు చెబుతాను. గుర్తు ఒకటి పోతే మిగతావాటితో సర్దుకోవడంలో జన్యువున్న ఎలుకలు వెనకబడ్డాయి. అది నిజం. గుర్తు తిరిగిస్తే వాటికి దారి వచ్చింది. అదీ నిజమే, మొదటిది చెప్పి రెండోది దాచినా అబద్ధమే అవుతుంది. నువ్వే రకమో నాకు తెలియదు. ఎలుకలను చూసి నీ సంగతి చెప్పడం నాదే తప్పు, నువ్వు ఎలుకవి కాదు.

జన్యు పరీక్ష చేయించుకోవాలో వద్దో నీ ఇష్టం. కానీ నువ్వడిగిన రెండో మాటకు అది జవాబు చెప్పదు. అది ఉన్నా చక్కగా బండి నడిపేవాళ్లున్నారు, లేకపోయినా జబ్బుపడ్డవాళ్లున్నారు. స్టీరింగ్ పట్టుకోవచ్చా లేదా అన్నది నీ జ్ఞాపకాన్నీ, నీ డ్రైవింగునూ ఎదురుగా కూర్చుని చూసినవాళ్లే చెప్పగలరు. మతిమరుపు డాక్టర్ దగ్గరకు వెళ్లు. కావాలంటే నేను వచ్చి బయట బెంచీ మీద కూర్చుంటాను.

ఇంకొకటి. కురియామ గారితో పోట్లాడి కొత్త ప్రయోగానికి ఒప్పించాను. కొత్త ఎలుకలకు మొదటినుంచే గదిలో ఒక్క ఎర్రచేప కాక, రకరకాల గుర్తులు పెట్టి దారి నేర్పిస్తాం. తర్వాత ఒకటి తీసేసి చూస్తాం. ఏమవుతుందో తెలియదు. ఈసారి తెలిసేదాకా నీకు ఏమీ రాయను.

చినాత్సు


నాగసాకి
మే

చినాత్సూ,

వెళ్లొచ్చాను. ఒక్కదాన్నే వెళ్లాను. నువ్వు బెంచీ మీద కూర్చుంటే నిన్ను ఓదార్చడంతోనే సరిపోయేది.

డాక్టరమ్మ నీ వయసే. గడియారం బొమ్మ వేయమంది, మాటలు చెప్పి కాసేపాగి అడిగింది, లెక్కలు చేయించింది. వేశాను, చెప్పాను, చేశాను. తర్వాత కంప్యూటర్లో ఒక బొమ్మల ఊరు చూపించి దారి గుర్తుపెట్టుకోమంది. అక్కడ పట్టుబడ్డాను. తలకు ఫోటోలూ తీశారు. మిగతావన్నీ వయసుకు తగ్గట్టే ఉన్నాయట, దారులు పట్టుకోవడంలో మాత్రం కొంచెం తగ్గిందట. "దీన్ని జబ్బని ఇవాళ నేననలేను, కాదనీ అనలేను. ఆరు నెలలకు మళ్లీ రండి" అంది. ఆ మాట నాకు నచ్చింది. తెలియనిదాన్ని తెలియదంది.

డ్రైవింగ్ స్కూల్లో నన్ను చూసినాయన, పక్కన కూర్చుని ఊరంతా తిప్పించాడు. చేతులూ కళ్లూ భేషుగ్గా ఉన్నాయన్నాడు. పగలు నడపొచ్చు, కొండదారులు చీకటిపడ్డాక వద్దు అన్నాడు.

అప్పుడు ఫుకహొరి గారి దగ్గరికెళ్లి నడుంనొప్పి అబద్ధమని చెప్పేశాను. ఆయన తల గోక్కుని, అబద్ధానికి నడుమే దొరికిందా, ఇక్కడ తన నడుం నిజంగానే పట్టేసి ఉందన్నాడు. పగటి డ్యూటీ ఇచ్చాడు. దారి తట్టకపోతే బండి పక్కకు ఆపి రేడియోలో అడగమన్నాడు. పాతవాళ్లు నవ్వుతారేమోనన్నాను. నవ్వితే ఆ రోజు రాత్రి డ్యూటీ వాళ్లదేనట.

జన్యు పరీక్ష చేయించుకోలేదు. ఆ కాగితం నాకు ఎడమో కుడో చెప్పదు. నువ్వు చేయించుకుంటావో లేదో నీ ఇష్టం, నన్ను చూసి మాత్రం తేల్చుకోకు.

మీ అమ్మకు నేనే చెప్పాను. ముందు ఏడ్చింది, తర్వాత తిట్టింది, ఆ తర్వాత కారం పట్టించిన చేప గుడ్లు డబ్బా నిండా పంపింది. సెలవు రోజుల్లో కొండదారులు నడుస్తున్నాను. ప్రతి మలుపు దగ్గరా ఆగి, ఇక్కడ ఏమున్నాయో పైకే చెప్పుకుంటాను: రాతిమెట్లు, మందుల దుకాణం, వంకర కరెంటు స్తంభం, మల్లెల వాసన. దారిన పోయేవాళ్లు నాకు పిచ్చెక్కిందనుకుంటున్నారు. ఎక్కకుండా ఉండటానికే ఇదంతా అని వాళ్లకేం తెలుసు?

పెద్దమ్మ


త్సుకుబా
సెప్టెంబరు చివర

పెద్దమ్మకు నమస్కారాలు.

ఇన్నాళ్లు ఆగాను. ఇప్పుడు తెలిసింది, రాస్తున్నాను.

రకరకాల గుర్తులతో దారి నేర్చుకున్న ఎలుకల గదిలో ఒక గుర్తు తీసేశాం. జన్యువున్నవాటిలో ఎక్కువ భాగం ఆగలేదు. ఒకసారి గిర్రున తిరిగి, మిగతా గోడలు చూసుకుని, అరుగు పట్టుకున్నాయి. అన్నీ కాదు. బాగా ముసలివి కొన్ని అప్పటిలాగే మధ్యలో తేలాయి. ఆ సంగతి దాచను, నీకు రాసేటప్పుడు దాచడం మానేశాను. ఇది ఒక్క గదిలోని ఎలుకల కథ అని కురియామ గారు రోజూ గుర్తుచేస్తున్నారు. ఇంకోసారి, ఇంకో గదిలో, ఇంకొకరు చేసి చూడాలి. అయినా ఆయన ఆ రోజు సాయంత్రం అందరికీ సుషీ తెప్పించారు.

నిన్న ఎలుకలకు ఏటా జరిపే శ్రద్ధాంజలి జరిగింది. ల్యాబు వెనక రాయి ముందు చామంతులు పెట్టి, అగరొత్తులు వెలిగించి ఒకరి తర్వాత ఒకరం దండం పెట్టుకున్నాం. ఎప్పుడూ ఏదో ఒకటి అనుకుని వచ్చేసేదాన్ని. నిన్న మాత్రం, జనవరిలో గోడకేసి చూస్తూ తేలిన ఆ ముసలి ఎలుకను క్షమించమని అడిగాను. పరీక్ష పెట్టి, దాని గోడ మేమే తుడిచేసి, మతి పోయిందన్నాం. ఏడ్చాను కూడా, దాస్తే ఎప్పుడైనా ఒత్త గారే నీకు చెప్పేస్తారు. ఒత్త గారంటే ల్యాబులో నా పక్కబల్ల ఆయన, నీకు అభిమాని అయిపోయాడు. నీ మార్చి ఉత్తరంలో "నేనే రకం ఎలుకను" అన్న మాట చదివి వినిపించాను, ఆ ప్రశ్న వల్లే ఈ ప్రయోగం జరిగిందని అందరికీ తెలుసు.

జన్యు పరీక్ష నేనింకా చేయించుకోలేదు. ఎప్పుడో చేయించుకుంటానేమో. ఇప్పుడైతే ఆ కాగితమంటే పోయినేడాది ఉన్నంత భయం లేదు. నీ రెండో పరీక్ష నవంబరులో కదా? ఎలా వచ్చినా సరే, వచ్చింది వచ్చినట్టు రాయి.

చినాత్సు


నాగసాకి
నవంబరు

చినాత్సూ,

వచ్చింది వచ్చినట్టు రాస్తున్నాను. పోయినసారి ఎలా ఉన్నానో ఇప్పుడూ అలాగే ఉన్నాను. మెరుగు లేదు, తరుగు లేదు. డాక్టరమ్మ, ఇది మంచి కబురేనంది. మళ్లీ ఆరు నెలలకు రమ్మంది. బయటికొచ్చి ఆస్పత్రి ముందు నిలబడి నిమ్మరసం తాగాను. ఎండ బాగుంది. చాలా సంతోషంగా అనిపించింది, చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేక, నీళ్లు పోస్తున్న తోటమాలికి చెప్పాను. పాపం, ఆయన నాకు అభినందనలు చెప్పాడు.

భయం పోయిందా అంటే పోలేదు. బండిలోనే ఉంది, కానీ డిక్కీలో కూర్చుంది. ముందు సీట్లోకి రానివ్వడం లేదు. వచ్చే ఏడాది ఏమవుతుందో నాకు తెలియదు. ఆపేయాల్సిన రోజొస్తే తాళాలు నేనే తీసుకెళ్లి ఫుకహొరి గారి బల్ల మీద పెడతాను, ఎవరూ లాక్కోనక్కర్లేదు. ఆ రోజు ఇవాళ కాదు.

రేడియోలో ఇప్పటికి కొన్నిసార్లు దారి అడిగాను. మొదటిసారి బటన్ నొక్కి వదిలేసి, మళ్లీ నొక్కి అడిగాను. ఇప్పుడు నాకన్నా పాతవాళ్లు కూడా అడుగుతున్నారు. ఇన్నేళ్లుగా ఎంతమంది దారి తెలియకుండానే తెలిసినట్టు తిరిగారో, ప్రయాణికుల జేబులకు ఎంత చిల్లుపడిందో ఆ దేవుడికే తెలియాలి.

నీ ఒత్త గారిని ఒకసారి నాగసాకి తీసుకురా, ఎలుకల్ని మెచ్చుకునేవాడు ఎలా ఉంటాడో చూడాలనుంది. మీ అమ్మకు ఆ పేరు ఇంకా చెప్పలేదు. ఎంతకాలం కడుపులో దాచుకోగలనో హామీ ఇవ్వలేను.

ఇంకా రాద్దామనుకున్నాను గానీ, చేతినిండా సంచులతో ఒకావిడ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కొండమీదికట. వీధి పేరు చెప్పింది. విన్న పేరే, ఏ మలుపో వెంటనే తట్టలేదు. పొద్దు ఇంకా చాలా ఉంది. ఎక్కి కూర్చోమన్నాను. సగం దారి నాకు తెలుసు, మిగతా సగం ఆవిడను అడుగుతాను.